వెనక డిఫరెన్షియల్ విప్పించింది నేనే

మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఆ జీపు కథ ఎత్తుతారు. మేస్త్రి వెనక ఇరుసు విప్పుకుని తెల్లమొహం వేసుకుని కూర్చుంటే, ఫిజిక్సు చదివిన ఇంటి ఆడపిల్ల, అంటే నేను, స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విని, రోగం ముందు డిఫరెన్షియల్లో ఉందని తేల్చేశానట. మా చిన్నాన్న అయితే నేను తల వంచి చెవి ఎలా ఆనించానో కూడా అభినయించి చూపిస్తారు. కొత్త కోడళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు.

ఇదంతా తలకిందుల కథ. ఆ స్క్రూడ్రైవరు నా చెవికి తగలనే లేదు. రోగం ముందుందని చెప్పింది మేస్త్రి. వెనక విప్పించింది నేను. ఈ మాట నేను నాలుగైదు సార్లు అందరి ముందూ చెప్పాను. "చూశారా, ఎంత వినయమో!" అన్నారు. నాకు వినయం ఉందనే మనిషి నన్ను ఎరగని మనిషి. నోటితో చెప్తే నమ్మడం లేదు కనక రాస్తున్నాను.

మా నాన్న అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసేవారు. డెబ్భైల నడుమ, మిలిటరీ వేలంలో పాత జీపు ఒకటి కొన్నారు. లివరు లాగితే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. లంకల్లో తోటల మీద కాయ కొనాలంటే గోదావరి పాయ దాటాలి. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీద బండిని దాటించేవారు. ఎండాకాలం పంటు ఒడ్డు దాకా రాదు. జీపు ముందు చక్రాలతో నీళ్లలోకి దిగి, అక్కడి నుంచి బల్లల మీదకి ఎగబాకాలి. అవతలి ఒడ్డున దిగేటప్పుడూ మళ్లీ ముందు చక్రాలే మొదట నీళ్లలోకి. ఈ సంగతి నాకు రోజూ కంటికి కనిపించేదే. కనిపించడం వేరు, చూడటం వేరు.

ఒక వేసవిలో జీపు మూలగడం మొదలుపెట్టింది. మొదట దూరంగా ఎవరో కందులు విసురుతున్నట్టుండేది. పది రోజుల్లో ఆ తిరగలి మన కాళ్ల కిందకే వచ్చేసింది. నాన్న కాయల లోడుతో పై ఊరు వెళ్తూ, "మేస్త్రిని ఇంటికి రమ్మన్నాను. నాలుగు రోజుల్లో వస్తాను, నువ్వు దగ్గరుండి చూపించు" అని నాకు చెప్పి వెళ్లారు. బీఎస్సీ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న నాకు అంతకంటే కావలసిందేముంది? కనిపించిన ప్రతివాళ్లతోనూ వాదన పెట్టుకుంటున్న రోజులవి.

మేస్త్రి చర్చి పక్క పేటలో ఉండేవారు. రోడ్డు మీద తాటాకుల షెడ్డు, లారీలకీ జీపులకీ ఆయనే వైద్యుడు. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. అప్పుడు 'నువ్వు' అనేదాన్ని. ఆయన నాకంటే ఇరవయ్యేళ్లయినా పెద్ద.

బండి నడిపి చూడాలన్నారు. నేనూ వస్తానన్నాను. ఆడపిల్ల ఒక్కతీ వెళ్లడమేంటని అమ్మ వెనక సీట్లో నాయనమ్మను ఎక్కించింది. ఆవిడకు జీపు మోతే వినపడదు, మా మాటలేం వినపడతాయి! కాలవ గట్టు మీద రెండు మైళ్లు పోయి వచ్చాం. మేస్త్రి ఒకసారి ఆక్సిలేటరు వదిలేసి విన్నారు. ఒకసారి గేరు తప్పించి బండిని దానంతట దాన్ని దొర్లనిచ్చి విన్నారు. మోత తగ్గలేదు. ఇంటికొచ్చాక వెనక చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పారు. చప్పుడు లేదు. ముందు చక్రాలు లేపారు. ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప బుర్ర ఉంటుంది, అదే డిఫరెన్షియల్. దానికి పొడవాటి స్క్రూడ్రైవరు కొస ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రెండో చేత్తో చక్రం తిప్పారు.

"ముందు డిఫరెన్షియలేనండి. బేరింగులు పోయినట్టున్నాయండి" అన్నారు.

"అదెలా కుదురుతుంది?" అన్నాను నేను. "లివరు రెండు చక్రాల మీదే ఉంది కదా. ఇంజను బలమంతా వెనక్కే పోతోంది. ముందుదానికి పనే లేదు. పని లేనిది మోగుతుందా?"

"పని లేదు గానండి, తిరక్కుండా ఎక్కడికి పోతదండి? చక్రాలు దొర్లుతున్నాయి కదండీ. వాటితోపాటు ఇరుసు తిరుగుద్ది, లోపల పళ్లూ తిరుగుతాయి."

ఎంత తేటగా చెప్పారో చూడండి. ఇంతకంటే తేటగా ఏ పుస్తకమూ చెప్పదు. ఆయన అక్కడితో ఆగక స్క్రూడ్రైవరు పిడిని చొక్కా అంచుతో తుడిచి నా వైపు చాపారు. "మీరే వినండి అమ్మాయిగారూ. గరగరమంటంది."

నేను పుచ్చుకోలేదు.

చేతులకి నూనె అంటుతుందని పుచ్చుకోలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాలేజీలో అంటరానితనం మీద వ్యాసరచన పోటీలో నెగ్గినదాన్ని మరి. కానీ ఆ పిడి అంతకు ముందే ఆయన చెవిని తాకి ఉంది. నా చెయ్యి ముందుకి రాకపోవడానికి కారణం నూనె కాదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు.

పుచ్చుకోకపోగా, "నువ్వెంతవరకు చదివావు మేస్త్రీ?" అన్నాను.

"అయిదో క్లాసండి."

"నేను బీఎస్సీ. ఫిజిక్సు."

"ఆయ్" అన్నారు. స్క్రూడ్రైవరు వెనక్కి తీసుకున్నారు. "రేవులో ముందు చక్రాలు ఎంతవరకూ మునుగుతాయండి?" అని మెల్లగా ఇంకో ప్రశ్న వేశారు.

"దానికీ దీనికీ సంబంధం ఏంటి? వెనకది విప్పు" అన్నాను.

విప్పారు. కొబ్బరికాయల కుప్ప పక్కన, చాప పరుచుకుని, ఒక్కో మరా ఒక్కో వరసలో పెట్టుకుంటూ రెండు రోజులు. లోపల నూనె తేనెలా ఉంది. పళ్లు కడిగిన వెండిలా ఉన్నాయి. నేను అరుగు మీంచి చూశాను. ఆయన తలెత్తి, "శుభ్రంగా ఉందండి" అని మాత్రం అన్నారు. 'చెప్పానా' అనలేదు. ఆ మాట అని ఉంటే నాకు పోట్లాడుకోడానికైనా ఉండేది.

"ఇంకొక్క రోజివ్వండి, ముందుదీ విప్పేసి చూస్తాను" అన్నారు.

ముందుది విప్పితే ఏం బయటపడుతుందో అప్పటికి నాకు అర్థమైపోయింది. "అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు బిగించెయ్యి. నాన్న వచ్చేస్తున్నారు" అన్నాను. తెలియక వాదించడం ఒక ఎత్తు. తెలిశాక ఆపించడం ఇంకో ఎత్తు.

మర్నాడు నాన్న వచ్చారు. జీపు కదలగానే, "ఏంటే, ఇంకా మూలుగుతోంది?" అన్నారు.

"కొత్తగా బిగించారు కదా నాన్నా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాను. ఇంత సాఫీగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

ఆ వారంలోనే లంకకి బయల్దేరాం. అవతల ఉన్న మేనత్తను చూసొద్దామని నేనూ ఎక్కాను. రేవులో ఇసుక మెత్తగా ఉంది. నాన్న లివరు నాలుగు చక్రాల మీదకి లాగారు. ముందు చక్రాలు పంటు బల్లల మీదకి ఎక్కాయో లేదో, లోపల ఏదో విరిగిన చప్పుడు. చక్రాలు బిగుసుకుపోయాయి. ముందు సగం బల్లల మీద, వెనక సగం నీళ్లలో. బండి ముందుకి రాదు, వెనక్కి పోదు. పంటు మీద సైకిళ్లవాళ్లు, మేకలవాళ్లు, సంతకి పోయే ఆడవాళ్లు. అందరికీ ప్రయాణం ఆగిపోయింది.

"కొత్త రిపేరంట కదండీ!" అన్నాడు పంటు సరంగు, నవ్వు దాచుకోకుండా.

నాన్న మొహం కందగడ్డయింది. మనిషిని పంపితే గంటలో మేస్త్రి సైకిలు మీద వచ్చారు. ఒడ్డున సైకిలు పడేసి సరాసరి నడుం లోతు నీళ్లలోకి దిగారు. చక్రాల నడిమధ్య ఉండే ఇనప బిళ్లలు విప్పి, చక్రాలను ఇరుసు నుంచి విడదీశారు. అప్పుడు పదిమంది తోస్తే బండి ఒడ్డుకొచ్చింది. అంత ఇబ్బందిలో అంత సుళువైన ఉపాయం తోచిన మనిషిని మెచ్చుకున్నవాళ్లు ఒక్కరు లేరు.

"ఏరా, ముందు పాడైతే వెనక విప్పుతావా?" అన్నారు నాన్న. మామూలప్పుడు 'ఏమయ్యా' అనేవారు. "రెండు రోజులు నువ్వు పీకిందేంటి? వెనకాల అని నీకెవడు చెప్పేడు?"

మేస్త్రి నా వైపు చూశారు. ఒక్కసారే. అందులో బతిమాలుకోవడం లేదు, నేరం మోపడం లేదు. అమ్మాయిగారు చెప్తారేమో అన్నట్టు కాస్త ఆగారు, అంతే. నా ఎదురుగా నలభై మంది. మూడు మాటలు చాలు: 'నేను విప్పమన్నాను నాన్నా.' నోరెత్తితే వీధి చివరికి వినపడేదాన్ని, ఇసుకలో నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నేనే అనుకున్నానండి" అన్నారాయన. "పొరపాటైపోయిందండి."

ముందు డిఫరెన్షియల్ కూడా ఆయనే బాగుచేశారు, మా పెరట్లోనే. అడుగు మర తియ్యగానే మొదట నీళ్లొచ్చాయి, తరవాత పాలెక్కువైన కాఫీలాంటి నూనె. బేరింగుల గోళాలు అమ్మవారు పోసిన మొహాల్లా గుంటలు పడ్డాయి. పళ్లు రెండు విరిగాయి. కొత్త సామాను రాజమండ్రి నుంచి తెప్పించి బిగిస్తూ, పళ్లకి నూనెలో కలిపిన సిందూరం పూసి తిప్పి చూశారు. పన్నూ పన్నూ ఎక్కడ ఆనుకుంటే అక్కడ సిందూరం చెరిగిపోతుంది. ఆ మచ్చ పంటి నడుమకి వచ్చేదాకా లోపలి పల్చటి రేకులు మార్చి మార్చి బిగించారు. ఆఖర్న ఇరుసు మీదున్న గాలి రంధ్రానికి రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని ఇంజను పై దాకా తీసుకెళ్లి కట్టారు. కాగిన ఇరుసు చన్నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ రంధ్రం గుండా నీళ్లను పీల్చుకుంటుంది. రేవు లోతు ఆయన అందుకే అడిగారు. వేడికీ చల్లదనానికీ వాయువు ఎలా వ్యాకోచ సంకోచాలు పొందుతుందో నేను పరీక్షలో నాలుగు పేజీలు రాశాను.

ఆ తరవాత జీపు పిల్లిలా నడిచింది. అమ్మ నాన్నతో, "మన పిల్ల ఆ రోజు మేస్త్రితో ఒకటే వాదన. దాని మాట విని ఉంటే ఇంత జరక్కపోను" అంది. వాదన చూసింది కానీ ఏమని వాదిస్తున్నానో అమ్మ పట్టించుకోలేదు. నా పిల్ల వాదిస్తే నా పిల్లదే ఒప్పు అనుకుంది. నాన్న నా వైపు తిరిగి, "ముందని నువ్వు చెప్పేవా?" అని అడిగారు. నేను అవుననలేదు. కాదనలేదు కూడా. ఆ సాయంత్రం కొట్టు దగ్గర కూర్చున్న వ్యాపారులందరికీ కథ తెలిసిపోయింది. చదువుకున్న ఆడపిల్లకి తెలిసింది మేస్త్రికి తెలియలేదన్నారు. ఒకరి తరవాత ఒకరు బండ్లు వేరే షెడ్లకి పంపారు. మరుసటేడు వానలకి తాటాకుల షెడ్డు కూలితే మళ్లీ ఎవరూ లేపలేదు. ఆయన ఊరు వదిలి వెళ్లిపోయారని విన్నాను. ఎక్కడికని నేను అడగలేదు.

ఎనభైల నడుమ, పెళ్లయి, రాజోలు వైపు కాలేజీలో ఫిజిక్సు చెప్తుండగా, ఒకరోజు మలికిపురంలో బస్సు కోసం నిలబడితే ఎదురుగా డీజిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఆయన కనిపించారు. జుట్టు నెరిసింది. రోడ్డు దాటి వెళ్లాను. ఇద్దరు రైతులు తమ ఇంజను కోసం బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"మేస్త్రిగారూ, నన్ను గుర్తుపట్టారా?"

"ఆయ్, తెలవకేమండి. కూర్చోండమ్మా" అని లేచి స్టూలు తుడిచారు. నాన్నగారి ఆరోగ్యం అడిగారు.

నేను కూర్చోకుండానే చెప్పేశాను. "ఆ రోజు ముందని మీరు చెప్పారు. వెనక విప్పించింది నేను. ముందుది విప్పుతానంటే వద్దన్నదీ నేనే. రేవులో నాన్న అడిగితే నోరు మెదపలేదు. అది మీకు చెప్పాలనే..."

"లేదండి" అన్నారాయన. గొంతు మామూలుగానే ఉంది. "వెనకని నేనే అనుకున్నానండి. మీరు ముందని చెప్తానే ఉన్నారు. నేనే వినలేదండి."

నాకు మతిపోయింది. "అదేంటండీ! చక్రాలు దొర్లితే ఇరుసు తిరుగుతుందని మీరే అన్నారు!"

"మీకు గుర్తు తప్పిందండి. అందరికీ తెలిసిందే కదండీ."

అంత పెద్దాయనతో నడిరోడ్డు షెడ్డులో మళ్లీ వాదన పెట్టుకున్నాను, ఈసారి నాదే తప్పని. ఆయన ఒక్క మెట్టు దిగలేదు. రైతులు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. ఆయన మొహంలో నవ్వు లేదు, కోపం లేదు, నేను పట్టుకోగలిగింది ఏదీ లేదు. ఆఖరికి, "మీ బస్సొచ్చేసిందండి" అని చెప్పి ఇంజను వైపు తిరిగిపోయారు.

బస్సు నిజంగానే వచ్చింది. ఎక్కాను. తరవాత రెండు సార్లు ఆ షెడ్డు ముందు నుంచి వెళ్లాను కానీ దిగలేదు. ఇంకా ఆ మాటే తేల్చుకోలేకుండా ఉన్నాను. ఆ రైతుల ముందు నా పరువు నిలపడానికి ఆయన అలా అన్నారా, లేకపోతే నా క్షమాపణ పుచ్చుకోవడం ఇష్టం లేక అన్నారా?