మా మేనత్త కన్నూ, కారు ముందు టైర్లూ

మా చిన్నప్పుడు పొద్దున్నే ఇంటి ముందు కారు కదలాలంటే, ముందు మా మేనత్త కనకమ్మ ఎవరి కంటా పడకుండా దొడ్డివైపు నుంచి వెళ్ళిపోవాలి...

చిత్తూరులో మాది టాక్సీ బతుకు. నాయనే ఓనరు, నాయనే డ్రైవరు. యాత్రికుల్ని కాణిపాకం, తిరుపతి, శ్రీకాళహస్తి తిప్పేవాడు. పొద్దున కారు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళు. నలిగిన నిమ్మకాయ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇంతవరకూ రాసి ఆపితే మీరందరూ లైకులు కొడతారు. ఆపను.

సరిగ్గా ఆ వేళకే అత్త కుట్టు స్కూలుకు బయల్దేరాలి. అక్కడ ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఆమె ఎదురొస్తే బండికి మంచిది కాదని శాసనం చేసింది పరాయివాళ్ళు కాదు... మా అవ్వ. నాయననూ, అత్తనూ కన్న తల్లి. అత్త కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పేడదిబ్బ పక్కనుంచి, వానొస్తే బురద తొక్కుకుంటూ సందు తిరిగి బస్సు అందుకునేది.

అలా ఉండగా కారు ముందు టైర్లు అరగడం మొదలైంది. అరగడమంటే ఏ టైరైనా అరుగుతుంది... ఇవి ఒక పక్కే. లోపలి అంచు గుండు గీసినట్టు నున్నగా, బయటి అంచు నిన్న షాపులో కొన్నట్టు. కొత్త జత వేస్తే అవీ అంతే. రబ్బరు అరిగి లోపలి నూలు బయటపడింది. స్టీరింగు ఎడమకు లాగుతోందని నాయన విసుక్కునేవాడు.

ఏం చేయాలి? షెడ్డుకు తీసుకుపోవాలి. మావాళ్ళేం చేశారు? ఇంకా పెద్ద నిమ్మకాయలు తెచ్చారు! బూడిదగుమ్మడికాయ కొట్టారు. బంపరుకు ఎండుమిరపకాయల దండ కట్టారు. ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకు మార్చారు... అటు బిగించినా ఇటు బిగించినా లోపలి అంచు లోపలే ఉంటుంది కదా స్వామీ!

ఏదీ పనిచేయక చివరికి అవ్వ తీర్పు చెప్పింది.

"దొడ్డి తలుపు సందులోనించి అది కారునే సూస్తా ఉండాది. అంతా దాని కన్నే. కాణిపాకం పిల్చుకపోయి, నా కన్ను పడలేదని ప్రమాణం చెయ్యమను."

కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణమంటే ఏమిటో మావైపు అందరికీ తెలుసు. అక్కడ అబద్ధమాడడానికి దొంగలు కూడా జంకుతారు. కన్నకూతుర్ని అక్కడికి రమ్మంటోంది... టైర్ల కోసం.

అత్త ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. "పోదాం పదమ్మా. ఈ కార్లోనే పోదాం" అంది. తర్వాత ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు మీద వేళ్ళు రాసి చూసి, నాయనను పిలిచింది.

"నా కన్ను పడుంటే బయటి పక్క గదన్నా అరగాల? ఇది లోపలి పక్క అరిగింది. నేనేమన్నా కారు కింద పడుకోని సూస్తాండానా?"

నాయనకు నవ్వొచ్చింది. మరుక్షణమే మొహం ముడుచుకుపోయింది.

మర్నాడు తిరుపతి బేరం దొరికితే, అక్కడ ఒక షెడ్డులో చూపించాడు. దారం పట్టి చూస్తే ముందు చక్రాలు రెండూ చెరో దిక్కు చూస్తున్నాయట. నేరుగా దొర్లకుండా, లోపలి అంచులతో రోడ్డును గీరుకుంటూ పోతున్నాయి. వాటిని కలిపే టై రాడ్డు వంగిపోయింది. ఎందుకు వంగిందంటే, అంతకు ముందు పాకాల దారిలో నాయన కారును కల్వర్టు గట్టుకు గుద్దాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాడ్డు మార్పించి, చక్రాలు సరిచేయించి వచ్చి, ఇదంతా వంటింటి గడప దగ్గర గొంతు తగ్గించి అత్తకు చెప్పాడు.

"ఈ మాట అమ్మకు చెప్పన్నా" అంది అత్త. "రేపు నేను ముందు వాకిట్లోనించి పోతాను."

"సెబుతాలేమ్మా. ముసిలామె గదా... రోంత సర్దుకో."

చెప్పలేదు. టాక్సీ స్టాండులో కనబడిన ప్రతి డ్రైవరుకూ ఆ రాడ్డు కథ చెప్పాడు, తప్పును ఎదురొచ్చిన లారీ మీదికి తోసి. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

ఆ తర్వాత వేసిన టైర్లు చక్కగా సమంగా అరిగాయి. అవ్వ వచ్చినవాళ్ళందరినీ వాకిట్లోకి తీసుకుపోయి చూపించేది. ప్రమాణం మాట ఎత్తేసరికి దాని కన్ను దిగిపోయిందని చెప్పేది. నాయన అక్కడే కూర్చుని కాఫీ తాగుతుండేవాడు...

మూఢనమ్మకమంటే చదువు లేకపోవడమని ఇంకా రాస్తున్నారు కొందరు మేధావులు. కాదయ్యా! నాయనకు తెలుసు. నిజం చెబితే కల్వర్టు ఆయనది అవుతుంది. చెప్పకపోతే అంతా అత్త కన్నుది అవుతుంది. మగవాడి తప్పు మోయడానికి ఇంట్లో ఒక విధవ సిద్ధంగా ఉంది, అంతే. నాయనంటే నాకు ప్రాణం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన పోయాక కూడా క్షమించలేకపోతున్నాను.

అత్త మళ్ళీ అడగలేదు. కొన్నేళ్ళకు అవ్వ పోయింది. కారూ అమ్మేశాం. ముందు వాకిలి ఖాళీగా, ఊడ్చి ముగ్గేసి ఉండేది. అయినా అత్త దొడ్డివైపే నడిచేది. ఇంకా ఎందుకమ్మా అని మా అమ్మ అడిగితే, చెప్పులేసుకుంటూ అంది...

"కాళ్ళు ఆ పక్కకే పోతాయి వదినా."

ఇప్పుడు నా కారు చక్రాల వంకర కంప్యూటర్ తెర మీద కనబడుతుంది, కాసేపట్లో సరిచేసి ఇచ్చేస్తారు. ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంటుకు దొడ్డి లేదు, ఉన్నది ఒకటే తలుపు. అందులోంచి నడిచి వెళ్ళడానికి అత్త లేదు...

ఆ రోజులే బంగారమని నిట్టూర్చే మిత్రులు కాస్త గుర్తు చేసుకోండి, మీ ఇంట్లో దొడ్డిదారిన పోయిందెవరో. "మా మేనత్త", "మా పిన్ని" అని కాదు... ఆమె పేరు రాయండి.