ఫోను వైరు లేని కంప్యూటర్లో ఆకుపచ్చ చుక్క

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆటపట్టించడం నాకు సరదా. కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఉద్యోగం నాది. ఎక్కడ లైటు వెలిగినా దాని వెనక వైరు ఉంటుందని నమ్మే మనిషిని.

దేవదానం అన్న సొంతూరు బిట్రగుంట. ఫోను లైను మీద ఇంటర్నెట్ నడిచే రోజుల్లో నెల్లూరులో అద్దె గదిలో కూర్చుని చాట్ ప్రోగ్రాం రాశాడు. నేను ఆయనకు సాయం. అన్న ఒక వాక్యం రాసి, చెరిపి, మళ్లీ రాసేసరికి పది నిమిషాలయ్యేది. అవతలివాళ్లు లైను తెగిందనుకుని లేచిపోయేవాళ్లు. అందుకని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టాడు. ఇక్కడ టైప్ చేస్తుంటే అక్కడ చుక్క మినుకుమంటుంది. మాకు తెలిసి అప్పట్లో అలాంటిది ఇంకెక్కడా లేదు.

ఒక హైదరాబాద్ కంపెనీ పిలిస్తే, ఆ ప్రోగ్రాం నాదేనని చెప్పి ఉద్యోగంలో చేరాను. అన్న ఒక్క మాట అనలేదు. ఊళ్లోనే కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. కొన్నేళ్లకి నేను ఆ కంపెనీ వదిలి ప్లాంటుకి వచ్చాను.

పోయినేడాది అన్న జబ్బు పడ్డాడు. నాతో మాట్లాడాలంటున్నాడని ఆయన భార్య మేరీ వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఇంట్లోనే కాలుగాలిన పిల్లిలా తిరిగాను గానీ వెళ్లలేదు. అన్న పోయాడు.

జ్ఞాపకార్థ కూడికకి మాత్రం ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. ప్రార్థన, భోజనాలు అయ్యాక, మధ్యాహ్నం వదిన ఒక పాత కంప్యూటర్ చూపించింది. అద్దె గదిలో నేను వాడినదే. "ఆన్ అయితే ఎవురికన్నా ఇచ్చేద్దాం, చూడబ్బయ్యా" అంది.

ఆన్ చేశాను. మా ప్రోగ్రాం నా పేరుతో తెరుచుకుంది. అది వింతేం కాదు, అప్పట్లో అలాగే పెట్టుకున్నాం.

అన్న పేరు పక్కన చుక్క మినుకుమంది.

ఆగింది. మళ్లీ మినుకుమంది. అచ్చం అన్న రాసే పద్ధతే. వంగి వెనక చూశాను. కరెంటు వైరు తప్ప ఇంకేదీ లేదు. ఆ ఇంటికి ఫోను లైనే లేదు. అన్న వాడిన కంప్యూటర్ పాతసామాన్లకి పోయి ఏళ్లయిందట.

"తప్పయిపోయింది అన్నా" అని కొట్టాను. చుక్క ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలై, ఈసారి ఆగకుండా గబగబా మినుకుమంటూనే ఉంది. అన్న ఎప్పుడూ అంత వేగంగా రాయలేదు.

నాకు చచ్చేంత భయమేసింది. తిడతాడో, క్షమిస్తాడో, ఏదొచ్చినా చదివే ధైర్యం లేకపోయింది. ప్లగ్గు పీకేశాను.

వదిన నా వెనకే నిలబడి అంతా చూసింది. "ఒక్క నిమిషం ఆగలేకపోయినావా?" అంది.

ఆ కంప్యూటర్ మళ్లీ ఆన్ కాలేదు. ముగ్గురు మెకానిక్కులకి చూపించాను. ప్రోగ్రాంలోనే తప్పుండి ఉంటుందని ఒకాయన అన్నాడు. ఆ ప్రోగ్రాం రాసింది దేవదానం అన్న. అలాంటి తప్పు వదిలే మనిషి కాదు. చుక్క ఎలా వెలిగిందో ఇవాళ్టికీ నాకు అంతుబట్టలేదు. వదిన అడిగినదానికి కూడా ఇంకా జవాబు చెప్పలేదు.