సుంకం కట్టిన నైలాను చీర

మా పత్తికొండ తాలూకా మొత్తంలో సముద్రం దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవరైనా దాటి ఉండొచ్చు గానీ వాళ్లు నాలాగా పదిమందికీ చెప్పుకోలేదు కనుక లెక్కలోకి రారు. అప్పటికి నేను చూసిన అతి పెద్ద నీళ్లు కర్నూలు దగ్గర వానాకాలపు తుంగభద్ర. అలాంటివాణ్ణి, యాభైల చివర్లో ఒక వేసవిలో కొలంబో వెళ్లొచ్చాను. నిజానికి దారంతా రైలే. మధ్యలో స్టీమరు మీద గడిపింది రెండు మూడు గంటలకు మించదు. మా ఊరికి చేరేసరికి అవి రెండు మూడు రోజులయ్యాయి. తర్వాత్తర్వాత తిమింగలాలు కూడా వచ్చి చేరాయి.

నన్ను తీసుకుపోయింది మా మామ. మైదుకూరులో ఉల్లిగడ్డల వ్యాపారం ఆయనది. ఆయన గడ్డలు మద్రాసు మీదుగా కొలంబోకు పోయేవి. ఒకసారి వచ్చి చూసి పొమ్మని అక్కడి సేటు జాబు రాస్తే, ఇంగ్లీషు వచ్చిన అల్లుడు పక్కనుంటే మర్యాదగా ఉంటుందని నన్ను వెంటబెట్టుకున్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషుతో ఒక ఉత్తరం మొదలుపెట్టొచ్చు, ముగించడం కష్టం. ఆ సంగతి ఆయనకు తెలియదు.

బయలుదేరేముందు మా ఆవిడ ఒకటే అడిగింది. ఉల్లిపొర రంగు నైలాను చీర. దానికొక కారణముంది. వాళ్ల పెదనాయన కోడలు మద్రాసు పిల్ల. ఆమెకు అలాంటి చీరే ఉండేది. మా ఆవిడ ఆశగా దాని కొంగు పట్టుకోబోతే, నీ చేతులు ఉల్లిగడ్డ వాసనొస్తాయని ఆమె నలుగురిలో వెనక్కి లాక్కుందట. వచ్చే నెలలో ఆ పెదనాయన కూతురి పెళ్లి. "యాడికన్నా పోండి, ఏమన్నా తినండి. ఆ చీర లేకుండా మాత్రం రావాకండి" అంది. పెళ్లయిన రెండేళ్లలో ఆమె నన్ను అడిగిన మొదటి వస్తువు అది.

కొలంబో బజారు గురించి ఏం చెప్పను! మా కోడుమూరు సంతను పది చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మీద అత్తరు చల్లితే అదవుతుంది. నేను మూడు చొక్కాలు, రెండు పౌడరు డబ్బాలు, ముఖానికి రాసుకునే స్నో, ముగ్గురు పహిల్వాన్లు తోముకున్నా అరగని సబ్బులు కొన్నాను. బిస్కెట్లు, జీడిపప్పు, కొబ్బరిపాలతో చేసిన నల్లటి జిగురు హల్వా కొన్నాను. ఆ హల్వా ఒక ముక్క నోట్లో వేసుకుంటే పళ్లు విడిపించుకోవడానికి పూట పట్టేది. మా మామ ఏ వస్తువునైనా బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఉల్లిగడ్డను చూసే అలవాటది. పౌడరు డబ్బాను కూడా నొక్కాడు, సొట్ట పడింది, దాన్నే కొనాల్సి వచ్చింది. చీరల అంగడివాడు ఉల్లిపొర రంగు నైలానును ఉంగరంలోంచి సాంతం దూర్చి చూపిస్తే, ఆయన నొక్కడానికి ఏమీ దొరక్క ఆ ఉంగరాన్నే నొక్కి చూశాడు.

ఆ రాత్రి బసలో మా అత్త కట్టిచ్చిన పసుపు పొట్లం విప్పాను. కొత్త బట్టకు పసుపు తగిలించకుండా నీళ్లు దాటించకూడదని ఆమె ఆజ్ఞ. చొక్కాలకు, చీరకు నాలుగు మూలలా భక్తిగా పెట్టాను. మరునాడు తిరుగు రైల్లో ఒకాయన అసలు సంగతి చెప్పాడు. కట్టి విడిచిన బట్టలైతే సుంకం లేదు, కొత్తవైతే ఉంది. నాకది ఒక సమస్యగానే తోచలేదు. వాడినవే అని చెప్తే పోలా?

ధనుష్కోడిలో స్టీమరు దిగగానే సుంకం వాళ్ల షెడ్డు. మా పెట్టె చూసిన ఆఫీసరు తెలుగాయన. వాడినవేనా అని అడిగితే, వాడడమే కాదు, రెండుసార్లు చాకలికి కూడా వేశామని చెప్పాను. ఆయన చీర మూల పట్టుకుని వేళ్లు చూసుకున్నాడు. పచ్చగా ఉన్నాయి.

"మా ఇంట్లో కూడా కొత్తదానికే పెడతారండీ," అన్నాడు.

చొక్కాల మూలలు కూడా చూశాడు. ప్రపంచంలో తన దొంగసరుకుకు తానే పసుపుబొట్టు పెట్టి తెచ్చినవాడు నేనొక్కణ్ణే అయి ఉంటాను. సుంకం కట్టకపోతే బట్టలు ఇక్కడే ఉంటాయని చెప్పి ఆయన చీరను పక్కన పెట్టాడు. నా జేబులో ఉన్నది బిస్కెట్ల పొడి. మద్రాసులో టీ నీళ్లకు కూడా మామ మీదే ఆధారపడాలి. ఆయన సంచీ కూడా నా షాపింగుకే సన్నబడింది. పెళ్లిలో మా ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నాకు ఆ షెడ్డులోనే కనిపించింది.

మామ ముందుకొచ్చాడు. "మా అల్లుడు అబద్ధం చెప్తాండాడు సామీ. చీర కొత్తదే, నా బిడ్డకు తెస్తాండాం. సుంకమెంతో చెప్పు. చొక్కాలు ఈడనే పెట్టుకో."

చొక్కాల మాట నన్ను అడగలేదు. తలపాగా విప్పడం మొదలుపెట్టాడు. పన్నెండు మూరల తెల్ల పాగా. నిద్రలో కూడా తీయడని మైదుకూరులో ప్రతీతి. ఆ తల మా అత్త తప్ప ఎవరూ చూసి ఉండరు. క్యూలోని వ్యాపారులంతా చూస్తుండగా ఒక్కొక్క చుట్టూ విప్పాడు. చిట్టచివరి మడతలోంచి ఆపదకు దాచుకున్న నోట్లు బయటికొచ్చాయి. ఆ బట్టతల షెడ్డులోకి పడుతున్న ఎండలో ఎంత ఠీవిగా మెరిసిందో! రాజుల కిరీటాలు చూడలేదు గానీ, పాగా తీసేశాక కూడా అంత గౌరవంగా నిలబడ్డ తల నేను మళ్లీ చూడలేదు. ఆఫీసరు కూడా లేచి నిలబడి రసీదు రాసిచ్చాడు.

పెళ్లిలో చీర కంటే ముందు ఆ రసీదే ప్రసిద్ధికెక్కింది. పందిట్లో మామ దాన్ని నా చేత పెద్దగా చదివించాడు. అర్థం కాని చోట్ల నేను గొంతు ఇంకా పెంచాను. అంతలో మా ఆవిడ ఆ చీర కట్టుకుని వచ్చింది. మద్రాసు కోడలు దగ్గరికొచ్చి కొంగు వేళ్ల మధ్య నలిపి, ఎక్కడిదని అడిగింది. మా ఆవిడ నోరు తెరిచేలోపు మామ కూర్చున్నచోటు నుంచే అందుకున్నాడు.

"కొలంబోది తల్లీ. సర్కారుకు సుంకం కట్టి తెచ్చినాం. నీ చీరకు రసీదు ఉండాదా?"

ఆమె లోపలికి పోయింది. భోజనాలప్పుడు మా ఆవిడ ముందు వరుసలో కూర్చుంది. చీర మీద చుక్క పడుతుందని వడ్డించేవాళ్లు రెండు గజాల దూరం నుంచే గరిటె చాపారు. "దగ్గరికి రాండప్పా, ఏం కాదు. పడితే ఉతుక్కుంటా," అంది మా ఆవిడ.