టీవీకెక్కిన మాటలు

మా బావ బస్సు కండక్టరు. నోరు మూసుకుని ఉండడం ఆయనకి చేతనైన పని కాదు. టిక్కెట్టుతో పాటు ఏదో ఒక కబురు చేతిలో పెట్టందే ఎవర్నీ బస్సు దిగనిచ్చేవాడు కాదు. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో పొరపాటున ఆయన బస్సెక్కానా, "ఈయన మా బావమరిదండీ, జేబులో చిల్లరుండదు, బుర్రలో గుజ్జుండదు" అని బస్సంతా వినేలా పరిచయం చేసేవాడు. ఉడుక్కుని మధ్యలోనే దిగిపోయి నడిచివెళ్ళిన రోజులున్నాయి.

అలాంటి మనిషికి గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టి, గొంతు తీసేశారు. ఆయన దగ్గర తీసుకోవడానికి దేవుడికి ఇంకేమీ దొరకలేదా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చేతులు అప్పటికే వణుకుతున్నాయి. కలం పడితే కోడిగీతలే. ఫోన్ ఇస్తే ఒకటి నొక్కబోతే మూడు పడేవి. చివరికి మా ఆఫీసులో మూలపడేసిన పాత లాప్‌టాప్ అడిగి తెచ్చిచ్చాను. ఇటుకంత బరువు. కానీ దాని మీటలు ఎత్తుగా, ఎడంగా ఉంటాయి. ముందు వేలు ఆనించి, వణుకు కుదుటపడ్డాక నొక్కొచ్చు. ఆ ఇటుకే బావకి నోరైంది.

వాళ్ళింట్లో దానికో పద్ధతి ఏర్పడింది. బావ గోడకి వీపు ఆనించి కూర్చుని టైపు చేసుకుంటాడు. అంతా అయ్యాక లాప్‌టాప్‌ని మావైపు తిప్పుతాడు. అక్క పైకి చదువుతుంది. అప్పుడుగానీ అది మాట కాదు. మధ్యలో తొంగిచూస్తే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. తప్పులు పడతాయని సిగ్గు కాబోలు అనుకుని మేమెవరమూ అటు పోయేవాళ్ళం కాదు. మాట ఆలస్యమయ్యేది గానీ వచ్చిన మాట మాత్రం ముచ్చటగా ఉండేది. "ఈ చీరలో బావున్నావు." "కూర అదిరింది." "మీ తమ్ముడికి ఇంకో ముద్ద వడ్డించు, లేకపోతే ఏడుస్తాడు."

"నోరున్నప్పుడు ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదురా, ఇప్పుడు చూడు" అని అక్క మురిసిపోయేది.

ఆ లాప్‌టాప్ తెరకి రోగం పట్టుకుంది. మొదట సన్నటి నిలువు గీతలు. తర్వాత మూత ఒక వాలులో ఉంచితేనే బొమ్మ, కాస్త కదిలితే చీకటి. బావ ఒక చేత్తో మూత పట్టుకుని ఇంకో చేత్తో టైపు చేయాలని చూసేవాడు. వణికే చెయ్యి పట్టుకున్న తెర ఇంకెలా ఉంటుంది? వెలిగి ఆరి, ఆరి వెలిగి, చూసేవాళ్ళకి తల తిరిగిపోయేది.

మా ఆఫీసులో ప్రింటరు ఇరుక్కుంటే లాగేది నేనే కాబట్టి ఇంట్లో ఇంజనీరు హోదా నాదే. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. సెట్టింగులన్నీ తిరగేశాను. కిటికీ తెరలు లాగి, చీకటి తెర మీద ఫోన్ లైటు వేసి చూస్తే అక్షరాలు నీళ్ళ అడుగున ఉన్నట్టు లీలగా కనబడ్డాయి. అంటే బొమ్మ వస్తోంది, వెనక దీపమే ఆరిపోతోంది. అది కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. బాగుచేయడం మాత్రం నా వల్ల కాలేదు.

రిపేరు షాపతను విప్పి చూశాడు. మూత మడత దగ్గర నలిగిపోయిన తీగ మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. "తెరే పోయిందండీ. ఈ మోడల్‌కి ఇప్పుడు తెర దొరకదు. మీటలు బాగానే ఉన్నాయిగా, కేబుల్ పెట్టి టీవీకి కలిపేసుకోండి" అన్నాడు.

ఇంత తేలిక మార్గం మాకెందుకు తట్టలేదా అనుకున్నాం. టీవీ ఎదురుగా కుర్చీ వేసి బావని కూర్చోబెట్టాం. గోడ నిండా అక్షరాలు. బావ ముఖం వెలిగిపోయింది. "బావమరిదీ, ఇక నీ పరువు పెద్దక్షరాల్లో తీస్తా" అని కొట్టాడు. అక్క పడీపడీ నవ్వింది. ఆ పూట ఆ ఇంట్లో ఉన్నంత సందడి ఆపరేషన్ తర్వాత మళ్ళీ నేను చూడలేదు.

భోజనాల దగ్గర అక్క బావకి వడ్డించి వంటింట్లోకి వెళ్ళింది. నేను చేతులు కడుక్కుని వస్తున్నాను. బావ ఒక ముద్ద మింగి, మీటల మీద వేలు ఆనించాడు. ఎదురుగా టీవీ, గదిలో ఎవరూ లేరు. పాత అలవాటు కదా, ముందు మనసులో ఉన్నది కొట్టాడు.

"ఇంక నా వల్ల కాదు. నేను పోతే నీకైనా సుఖం."

కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చివరినుంచి ఒక్కో అక్షరం చెరుపుకుంటూ వచ్చి, ఖాళీ అయ్యాక మళ్ళీ కొట్టాడు. "కూర అదిరింది."

అక్క ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉంది. చేతిలో ఉప్పుడబ్బా.

"కూరలో ఉప్పే వెయ్యలేదండీ" అంది. "వేద్దామనే వచ్చాను."

బావ వెనక్కి తిరిగి చూశాడు.

"ఇన్నాళ్ళూ ఇలాగేనా? చెరిపేసి, చెరిపేసి, మిగిలింది నాకు చూపించారా?"

ఆయన రిమోట్ అందుకుని టీవీ ఆపేశాడు. ఆ రోజునుంచి మీట ముట్టుకోలేదు. అవునంటే తల ఊపుడు, కాదంటే చెయ్యి ఆడింపు. అంతే.

నేను ఊరుకోలేక చిన్న మానిటర్ ఒకటి తెచ్చాను. తెర గోడవైపు ఉండేలా పెట్టి, "బావా, ఇది నీకొక్కడికే కనబడుతుంది, అక్క ఇటు రానే రాదు" అని బతిమాలాను. నవ్వి, చెయ్యి అడ్డంగా ఆడించాడు. ఎంత మొండివాడివయ్యా అని అరిచాను కూడా. వంటింట్లో అక్క నన్ను ఆపింది.

"ఆయన్ననకురా. ఇప్పుడు ఆయన బావుందని రాసినా నేను నమ్మను. దాని కింద ఏం చెరిపేశారో అని వెతుక్కుంటాను. అది ఆయనకి తెలుసు."

తెర పోతే ఏం చేయాలో నలుగుర్ని అడగొచ్చు. ఇది ఎవర్ని అడగను?

మొన్న ఆదివారం వెళ్ళేసరికి అక్క టీవీ పెట్టి, లాప్‌టాప్ తన ముందుకి లాక్కుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ టైపు చేసింది కాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

"నాకూ ఓపిక అయిపోయింది. ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తుంది."

చెరపలేదు. లాప్‌టాప్ బావవైపు జరిపి, "నేను చెరపనండీ. చదవండి" అంది.

బావ చదివాడు. చాలాసేపు చదివాడు. ఆ తర్వాత వేలు మీటల మీద ఆనించాడు. వణుకు కుదుటపడేదాకా ఆగి, నొక్కాడు. అక్క రాసిన మాటల్లో చివరి అక్షరం పోయింది. తర్వాత దాని ముందుది. వేలు జారుతున్నా మళ్ళీ ఆనించి, మొదటి అక్షరం దాకా మొత్తం చెరిపేశాడు.

"ఏదో ఒకటి అనండి" అంది అక్క.

బావ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క ఆ ఖాళీ తెరవైపు కాసేపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది.