నిక్కరు వేసుకుని ఇంజన్ తిప్పిన మా బాపు

మీరు అబద్ధాలు రాస్తున్నారు. అవును, మీరే... పొద్దున లేస్తే "ఆచారాలే మనల్ని కాపాడాయి" అని పోస్టు పెట్టే మీరే. మా ఇంట్లో ఆచారం మనిషినే మింగబోయింది. వినండి.

మా చిన్నప్పుడు, డెబ్బైల్లో... వర్ని దగ్గర కాలువ చిట్టచివరి భూములు మావి. నీళ్లు మా దాకా వచ్చేసరికి చెరుకు వడలిపోయేది. అందుకే బాపు బావి తవ్వించి డీజిల్ ఇంజన్, పంపు తెప్పించాడు.

బోధన్ నుంచి మిస్త్రీ వచ్చి రెండింటినీ సిమెంటు దిమ్మెల మీద బిగించాడు. ఇంజన్ చక్రానికీ పంపు చక్రానికీ దారం పట్టి చూశాడు... రెండూ ఒకే వరుసలో లేకపోతే బెల్టు జారిపోతుందట. పంపులో గాలి పోయేదాకా బిందెలతో నీళ్లు పోయించాడు. పంపు చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. ఆ తర్వాత బెల్టుకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దని అందరినీ పక్కకు తోలాడు.

ఇక మొదటిసారి ఇంజన్ హ్యాండిల్ తిప్పాల్సింది యజమానే. కొత్త ధోవతి కట్టి, భుజాన కండువా వేసి, టెంకాయ కొట్టి మరీ తిప్పాలి. అదీ ఆచారం.

మిస్త్రీ ఒప్పుకోలేదు. ధోవతి కుచ్చిళ్లను బెల్టు లాగేస్తుంది, నిక్కరు వేసుకోమన్నాడు. చూడ్డానికి సగం ఊరు వచ్చి ఉంది. బాపు మొహం ఎర్రబడింది.

"నల్గుర్ల నా ఇజ్జత్ తీస్తవా మిస్త్రీ?"

"ఇజ్జత్ మల్లొస్తది పటేలా. కాలు రాదు."

నిక్కరు పొలంలో పనిచేసే జీతగాళ్లు వేసుకునేదట. జీతగాడి కాళ్లు బెల్టు పక్కన ఎలా ఉన్నా ఫర్వాలేదు, పటేలు కుచ్చిళ్లు మాత్రం నేల మీద జీరాడాలి. మీరు మురిసిపోయే మర్యాద ఇదే...

బాపు వినకుండా హ్యాండిల్ అందుకున్నాడు. అప్పుడు ఆయన తల్లి, మా నాయనమ్మ, అడ్డం వచ్చి నిలబడింది. బెల్లం గానుగలో చెరుకు గడలు పెట్టీ పెట్టీ చేతులు కాయలు కాసిన మనిషి.

"గానుగ కాడ మేం కొంగు నడుముకు చెక్కుకోకుంటె నువ్వే తిడ్తుంటివి గదరా. ఎడ్లు తిప్పే గానుగకే గంత భయమైతే, గిది ఎడ్ల లెక్క హో అంటె ఆగుతదా? ఇప్పు ధోవతి."

ఆడవాళ్లకు పెట్టిన కట్టుబాటు తన దాకా వచ్చేసరికి బాపు హ్యాండిల్ వదిలేశాడు. సణుక్కుంటూ మిస్త్రీ సంచిలోని ఖాకీ నిక్కరు తొడుక్కొచ్చాడు. వదిన వరుసయ్యే ఒకావిడ "పటేలు బడికి పోతుండు" అంది. అందరూ నోళ్లు మూసుకుని నవ్వారు.

ఆ కోపంతో బాపు భుజం మీది కండువా లాగి పంపు మీదికి విసిరాడు. మిస్త్రీ చూపు ఇంజన్ మీద ఉంది. బాపు హ్యాండిల్ తిప్పాడు... ఇంజన్ అందుకుంది. వేగం పెరిగింది. గాలికి కండువా కొస లేచి బెల్టుకు తగిలింది.

అంతే... మొత్తం కండువాను చక్రం చుట్టేసుకుంది. పీలికలు ఎగిరాయి. బెల్టు జారి, కొరడాలా లేచి, జనాన్ని తోలేసిన ఖాళీ జాగాలో పడింది. మిస్త్రీ ఇంజన్ ఆపేశాడు.

బాపు తన మెడ తడుముకున్నాడు... తర్వాత తొడలు. నాయనమ్మ వచ్చి కొడుకు వీపు నిమిరింది.

"గుడ్డనే గద పోయింది బిడ్డా. నువ్వున్నవ్. మల్ల తిప్పు."

మిస్త్రీ చక్రానికి చుట్టుకున్న పీలికలన్నీ కోసి తీశాడు. ఇంజన్ పూర్తిగా ఆగి ఉండగానే బెల్టు ఎక్కించాడు. ఈసారి పంపు మీదా, చుట్టుపక్కలా ఏమీ లేవని బాపే చూశాడు. తిప్పాడు. తొట్టిలోకి తెల్లగా నీళ్లు దూకాయి... ఆ నీళ్లలో నిక్కరుతోనే నిలబడి బాపు నవ్వాడు. అంత తేలికైన ఊపిరి మా ఇంట్లో మళ్లీ ఎవరమూ తీసుకోలేదేమో.

ఇప్పుడు పంపు నేల లోపల ఉంది, మీట నొక్కితే నీళ్లు... మనిషిని ఆపి "ఇప్పు" అనే గొంతే లేదు. కానీ పిండి గిర్నీలో, చెరుకు రసం బండి మీద బెల్టులు ఇంకా బోసిగానే తిరుగుతున్నాయి. మీ ఇళ్లలో ఇలా బతికి బయటపడ్డవాళ్లుంటే రాయండి. బయటపడనివాళ్ల గురించీ రాయండి.

నేను అడిగేవి ఇవి:

తిరిగే ప్రతి బెల్టుకూ అడ్డంగా ఇనుప జాలీ బిగించండి.

పూజ చేస్తే మిషన్ ఆగి ఉన్నప్పుడే చేయండి. దండ తీసేశాకే నడపండి.

పనివాళ్లకు బిగుతు బట్టలు యజమానే కొనివ్వాలి.

ఎవరి చెయ్యి పోయినా "వాడి అజాగ్రత్త" అనకండి. జాలీ ఎందుకు లేదో యజమానిని అడగండి.