రోజూ తెరిచే అంగన్‌వాడీ

పొట్టకూటికి ఊరొదిలి వచ్చి, గోడాదరాలో మేమున్న గల్లీ చివర ఒక అంగన్‌వాడీ ఉండేది. ఉండేది అనడమే గాని, తెరిచి ఉండగా చూసినవాళ్లు తక్కువ. దాన్ని నడిపే బెహన్ ఎప్పుడో ఓసారి వచ్చి, పిల్లల పిండి ప్యాకెట్లు తల్లుల చేతుల్లో పెట్టి, తాళం వేసుకుని పోయేది. తిండి అందుతోంది కదా, ఇంకేం కావాలని ఆమె ధీమా.

నాకు కావాల్సింది ఆ తలుపు తెరుచుకోవడం. మగ్గాల కార్ఖానాలో బాబిన్లు చుట్టే పని నాది. ఇంట్లో చూసేవాళ్లు లేక మూడేళ్ల బిడ్డను వెంట తీసుకెళ్లేదాన్ని. ఆ మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ సైగలతోనే నెట్టుకొస్తారు. నా బిడ్డ అదే నేర్చుకుంది. ఇంటికొచ్చాక కూడా నీళ్లు కావాలంటే బొటనవేలు నోటికి చూపేది. దారం తెగిందని మేం చేసే సైగను, బొమ్మ విరిగినప్పుడు అది చేసేది. ముద్దుగా ఉందని చుట్టుపక్కల వాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. మాటలు నేర్వాల్సిన వయసంతా ఆ మోతలోనే పోతోంది.

నా పక్కనే పనిచేసే అక్కది మా ఊరి వైపే. ఆమెకూ నా బిడ్డ ఈడు కొడుకున్నాడు. వాడూ ఆ బాబిన్ల పెట్టెల మధ్యే పెరిగేవాడు. పొద్దున ఆ తాళం ముందు నిలబడి, బెహన్ను ఇద్దరం కలిసి కసితీరా తిట్టి పనికి పోయేవాళ్లం. తనిఖీకి పైనుంచి సాబ్ వస్తున్నాడని తెలిసినప్పుడు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ముందు అన్నది అక్కే.

"నువ్వు షురూ జెయ్యి చెల్లె. నేన్ నీ ఎన్కనే ఉంట," అంది.

సాబ్ వచ్చిననాడు అంగన్‌వాడీ సోకు చూసి తీరాలి. గుమ్మానికి పూలదండ, గోడకు కొత్త బొమ్మలు. పిల్లలు చాలరని బడికెళ్లే పెద్ద పిల్లలను కూడా తెచ్చి కూర్చోబెట్టారు. రోజూ తెరుస్తారా అని సాబ్ తల్లులను అడిగాడు. తెరవరని, నా బిడ్డ కార్ఖానాలో పెరుగుతోందని నాకొచ్చిన హిందీలో చెప్పాను. సాబ్ అక్క వైపు తిరిగాడు. ఆమె కొంగు సర్దుకుంది. నా వైపు చూడలేదు.

"రోజ్ ఖుల్తా హై, సాబ్. యే హీ బచ్చీ కో నహీ భేజ్‌తీ."

రోజూ తెరుస్తారట. నేనే పిల్లను పంపనట.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. పిల్లలను పంపడం తల్లుల బాధ్యతని సాబ్ నాకు నాలుగు నీతులు చెప్పి వెళ్లాడు. బెహన్ మీద నాకంత కోపం లేదు. ఆమె నాకేమవుతుంది గనక? అక్క అన్న మాటకు మాత్రం ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు ఆ అంగన్‌వాడీలో అక్కకు ఆయా పని దొరికింది. ఆమె కూడా ఆ తానులో ముక్కేనని, సాబ్ ముందు ఆ మాట ఈ పని కోసమే అన్నదని అప్పుడు తెలిసింది. ఓ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తప్పయిందనలేదు.

"తాళంచెవి ఇగ నా దగ్గర్నే ఉంటది. నా కొడుకు కోసమన్న రోజూ తీస్త. నీ బిడ్డను గూడ పంపు, నేన్ చూస్కుంట."

మొహం మీదే తలుపేద్దామనిపించింది. కానీ నా బిడ్డకు వేరే బడి ఎక్కడుంది? మర్నాడు పొద్దున, నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేసిన ఆ మనిషి చేతిలోనే నా బిడ్డ చేయి పెట్టి, పనికి పోయాను.