పలకల మీద వచ్చిన అభిప్రాయాలు

ఆ రోజుల్లో ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా మనిషి ఊపిరి బిగబట్టుకునే బతికేవాడు. రాష్ట్రం కొత్తగా ఏర్పడింది, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది, నేను మార్కాపురం గ్రంథాలయంలో తాత్కాలిక గుమాస్తాను. "మావోడు సర్కారు పుస్తకాలకు పెద్ద" అని మా నాయన గొర్రెల సంతలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఆ పెద్దకు ఒక బల్ల, రెండు బీరువాలు, సంతకం పెట్టడంలో అంతులేని దర్జా తప్ప మరేమీ లేవు. పుస్తకాలు చదివే అలవాటు మాత్రం లేదు (కాపలా కాసేవాడు చదవక్కర్లేదని నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను).

అలాంటి నా మీదికి కర్నూలు నుంచి ఒక పెట్టె వచ్చి పడింది. నిండా ప్రభుత్వమంటే ఏమిటి, ఓటంటే ఏమిటి, గ్రామాన్ని ఎలా పాలించుకోవాలి అని చెప్పే పుస్తకాలు. వీటిని ప్రజలచేత చదివించి, వాళ్ల అభిప్రాయాలు రిజిస్టరులో ఎక్కించాలని, ఆఫీసరుగారు స్వయంగా వచ్చి చూస్తారని, నా ఉద్యోగం సంగతి ఆ తర్వాతే తేలుస్తారని ఉత్తరువు. మా పాఠకులేమో హత్య జరగని పుస్తకాన్ని పుస్తకమే కాదనే రకం. నెల గడిచినా ఒక్కరూ ముట్టుకోలేదు. నాకు అన్నం సహించడం మానేసింది.

నన్ను ఆదుకున్నది మేస్త్రీ మామ. తర్లుపాడు దారిలో బడిపిల్లల రాతిపలకలు తయారుచేసే ఒక కొట్టానికి ఆయన మేస్త్రీ. అక్కడ ఒక అలవాటుంది. పాతిక మంది రాళ్లు చీల్చి, అరగదీసి, చట్రాలు బిగిస్తుంటే ఒకరు కూర్చుని పెద్దగా ఏదో ఒకటి చదువుతారు, మిగిలినవాళ్లు పనిచేస్తూ వింటారు. మామ 'గ్రామ పాలన' పుస్తకం పట్టుకుపోయాడు. "మనం చెప్పేది సర్కారు వింటాదా అల్లుడా?" అని అడిగితే, "నువ్వు చెప్పాలే గానీ మామా, ప్రతి ముక్కా పైకి పోతుంది" అని గొప్పగా అనేశాను. వారం తర్వాత ఎనిమిది కొత్త పలకలు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కొట్టంలో కాగితం ఎక్కడిది? అందరూ చెప్పింది బలపంతో పలకల మీదే రాశారు. "రిజిస్టరులో ఎక్కించుకోని తుడిచిపెట్టు. రేపొచ్చి తీసుకపోతా, అమ్మాల్సిన సరుకు" అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఆఫీసరుగారు రైలు దిగారని కబురొచ్చింది. అప్పుడు గబగబా పలకలు చదివి నిర్ఘాంతపోయాను. వాళ్లు పుస్తకం గురించి రాయలేదు, ప్రభుత్వానికే రాశారు. 'సర్కారు మనదేనని మొదటి పాఠంలో ఉంది. ఈ మాట ఇంతవరకు మాకు ఎవురూ చెప్పలేదు. ఎందుకు దాచినారు?' అని ఒక పలక. 'పన్నుల పాఠం మటుకు నిజం' అని ఇంకొకటి. చివరి పలక అన్నిటినీ మించింది. 'ప్రతి ఊరికీ తాగే నీళ్ల బాయి ఉందని నలభయ్యో పేజీలో రాసినారు. మా ఊర్లో లేదు. ఆడోళ్లు రెండు మైళ్లు పోతున్నారు. పుస్తకమన్నా దిద్దండి, బాయన్నా తవ్వించండి.'

ఇది ఆఫీసరు కంట పడితే నేను మళ్లీ నాయన గొర్రెల వెనకాలే అనుకున్నాను. తడిగుడ్డతో ఎనిమిది పలకలూ తుడిచేసి, రిజిస్టరులో 'ఈ గ్రంథము అత్యద్భుతము. పాలనా విషయములు కండ్లకు కట్టినట్లున్నవి. ఇట్లు, పలకల కార్మికులు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. సిరా ఆరకముందే ఆఫీసరుగారు లోపలికొచ్చారు, వెనకాలే పలకల కోసం మామ.

ఆఫీసరుగారు రిజిస్టరు పైకి చదివారు. మామ చేతులు కట్టుకుని అంతా విని, తుడిచిన పలకల వైపు చూసి, ఆ తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇవి మీ మాటలేనా?" అని ఆఫీసరుగారు పలకల కోసం వచ్చిన మామను అడిగారు.

"మా మాటలే సారూ," అన్నాడు మామ. "బాయి సంగతి చెప్పేది మర్చిపోయినాం. ఇప్పుడు చెప్తా." అని నింపాదిగా నలభయ్యో పేజీ సంగతంతా చెప్పాడు. ఆఫీసరుగారి మొహం ఎర్రబడింది. పుస్తకం తెరవకుండానే ఆ వాక్యం గడగడా అప్పజెప్పారు. "నేను రాసింది నాకు తెలియదా?" అన్నారు. నేను అట్ట వైపు చూద్దును కదా, రచయిత ఆయనే. నెలకు పైగా ఆ పుస్తకాన్ని కాపలా కాసి దాని మీద పేరు చూడని ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆయన ఏదో రాసుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయారు.

రెండు నెలలకు నా ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది, దాంతోపాటే 'గ్రామ పాలన' కొత్త ముద్రణ. నలభయ్యో పేజీ తీశాను. బావి వాక్యం లేదు. బావిని పుస్తకంలోంచి తీసేశారు. ఆ పేజీ పట్టుకుని కొట్టానికి ఎలా వెళ్లానో నాకే తెలియదు, చదివి వినిపించేసరికి రాళ్ల చప్పుడు ఆగిపోయింది.

"రెండిట్లో సులువైంది చేసినారు," అంది పలకలు అరగదీస్తున్న ఒక అవ్వ.

మామ నా చేతిలో పుస్తకం తీసుకుని, "అంటే మన మాట వాళ్లకు చేరింది," అన్నాడు. "రాసుకో అల్లుడా. పుస్తకం నిజమైంది, సంతోషం. ఇంక బాయి తవ్వించండి. ఈసారి మేం చెప్పినట్టే రాయి."

చెప్పింది చెప్పినట్టు రాసి, కింద నా సంతకం కూడా పెట్టి కర్నూలుకు పంపాను. ఖాయమైన ఉద్యోగం మళ్లీ ఊడుతుందేమోనని కవరు అంటించేటప్పుడు చేతులు వణికాయి. ఆ వణికే చేతుల కుర్రాణ్ణి తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంతకు రెండు నెలల ముందు తడిగుడ్డ పట్టుకున్నప్పుడు వాడి చేయి అసలు వణకలేదు.